రాజకీయ సిద్ధాంతం వేరు, భావజాలం వేరు: ఆవడి నుంచి తిరుపతి దాకా

ప్రశ్న: గ్రూప్-1 మెయిన్స్‌కు చదువుతున్నాను. ఒక పుస్తకంలో పార్టీ సిద్ధాంతం అంటారు, ఇంకో పుస్తకంలో పార్టీ భావజాలం అంటారు. రాజకీయాల్లో డాక్ట్రిన్ అన్నా ఐడియాలజీ అన్నా ఒకటేనా? తేడా ఉంటే మనకు తెలిసిన ఉదాహరణలతో చెప్పండి. రాజ్యాంగంలో చెప్పే డాక్ట్రిన్‌లు కూడా ఇందులోకే వస్తాయా?

జవాబు:

ఒకటి కాదు. చిత్తూరులో, ఆ తర్వాత తిరుపతిలో డిగ్రీ పిల్లలకు రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ణి. ఈ ప్రశ్నకు వచ్చిన జవాబు పత్రాలను కట్టలకొద్దీ దిద్దాను. ‘భావజాలం విశాలమైనది, సిద్ధాంతం పరిమితమైనది’ అన్న వాక్యం దాదాపు అన్నింటిలోనూ కనిపించేది. అందులో తప్పేమీ లేదు, కానీ అది చదివి ఎవరికీ ఏమీ తెలియదు. చెరువు పెద్దది, కుంట చిన్నది అన్నంత మాత్రమే.

తరగతిలో నేను వేసే ప్రశ్న ఇంకొకటి ఉండేది: ‘దీన్ని వెనక్కి తీసుకోవాలంటే ఎవరు తీసుకోవాలి?’ ఒక పార్టీ మహాసభ, ఒక ప్రభుత్వం, ఒక గవర్నర్ జనరల్ అని జవాబు దొరికిందంటే మీరు చూస్తున్నది సిద్ధాంతం. దాన్ని ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు ప్రకటించి ఉంటారు. ఫలానావాళ్లు దానికి కట్టుబడాలని ఉంటుంది. కట్టుబడకపోతే ‘నువ్వు తప్పావు’ అని వేలెత్తి చూపవచ్చు. వెనక్కి తీసుకునేవారు ఎవరో చెప్పలేకపోతే, అది ఎక్కడ మొదలైందో కూడా తేల్చలేకపోతే, అది భావజాలం. లోకం ఎలా ఉంది, ఎలా ఉండాలి, మనవాళ్లు ఎవరు, దేన్ని చూస్తే కోపం రావాలి అన్నవాటి గురించి మనిషి లోపల ఏర్పడిన అల్లిక అది. దానికి తీర్మానం ఉండదు. చాలామందికి అది తమలో ఉందన్న సంగతే తెలియదు.

మా ఇంట్లో ఈ రెండూ పక్కపక్కనే ఉండేవి కాబట్టి ముందు అది చెబుతాను.

మా నాన్న చిత్తూరు దగ్గరి పల్లెలో చెరకు రైతు. సొంతంగా బెల్లం వండేవారు. గానుగ ఆడించడానికి, పొయ్యి మండించడానికి మనుషులను పెట్టుకునేవారు కానీ, పాకం చూసే పని మాత్రం ఎవరికీ వదిలేవారు కాదు. తెడ్డు అంచు నుంచి ఒక చుక్క తీసి నీళ్లలో వేసి, వేళ్ల మధ్య నలిపి, ఉండ కడుతోందని తేలాకే పెనం దించమనేవారు. ఒకసారి ఎవరో ‘అన్నా, నేను చూస్తాలే’ అంటే, ‘బెల్లం నల్లబడితే మండీలో ధర తగ్గేది నాకు, నీకు కాదు’ అన్నారు. ఆయన రాజకీయం మొత్తం ఆ మాటలోనే ఉంది. నష్టం ఎవరిదో నిర్ణయం కూడా వాళ్లదే కావాలి. నాలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివే మనిషి. ఆ ఆలోచనకు ఒక పేరు ఉందని, దాని మీద పుస్తకాలు ఉన్నాయని ఆయనకు తెలియదు.

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సమావేశం ఉమ్మడి సహకార వ్యవసాయం కావాలని తీర్మానించింది. దాన్ని వ్యతిరేకించి కాంగ్రెస్ నుంచి బయటికి వచ్చిన రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా. అదే ఏడాది రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి అధ్యక్షుడయ్యారు. లోక్‌సభ స్పీకరుగా చేసిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్, తిరుచానూరులో పుట్టినవారు, 1962 సార్వత్రిక ఎన్నికల్లో చిత్తూరు నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచారు. కొద్ది నెలలకే ఆయన బీహార్ గవర్నరుగా వెళ్లడంతో ఉప ఎన్నిక వచ్చింది. ఆ ఎన్నికలో స్వతంత్ర పార్టీ తరఫున రంగా గెలిచారు. మా నాన్న నక్షత్రం గుర్తుకు ఓటు వేశారు. ఎందుకు వేశారని నేను పెద్దయ్యాక అడిగితే, ‘గట్లు తీసేసి అందరి మడులూ కలిపేస్తామన్నారు. ఈయన వద్దన్నాడు’ అన్నారు, అంతే.

ఇప్పుడు పార్టీ వైపు చూడండి. స్వతంత్ర పార్టీకి 21 సూత్రాలు ఉండేవి. ప్రభుత్వ జోక్యం తగ్గాలి, రైతు చేతిలో భూమి ఉండాలి, ఇలా వరుసగా అక్షరబద్ధం చేసుకున్నారు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పీజీ చదివే రోజుల్లో గ్రంథాలయంలో ఆ జాబితా మొదటిసారి చదివాను. చివరి సూత్రం నన్ను ఆపేసింది. ఈ సూత్రాల పరిధిలోకి రాని ఏ విషయం మీదనైనా సభ్యులు తమకు తోచినట్టు మాట్లాడవచ్చు, ఓటు వేయవచ్చు అన్నది దాని సారాంశం. అంటే హద్దు గీసి పెట్టారు: ఇంతవరకు కట్టుబాటు, ఆ తర్వాత నీ ఇష్టం. సిద్ధాంతం ఎలా పనిచేస్తుందో ఇంతకంటే స్పష్టంగా చూపే పత్రం నాకు ఇంకోటి కనబడలేదు. భావజాలానికి అలాంటి హద్దు గీయలేం. అది భూమి గురించి మొదలై, పెళ్లి గురించి, చదువు గురించి, పక్కింటివాడి గురించి కూడా మాట్లాడుతుంది.

మా నాన్న ఆ 21 సూత్రాల్లో ఒక్కటి కూడా వినలేదు. 1974లో స్వతంత్ర పార్టీ భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయిన సంగతి ఆయన పట్టించుకోలేదు కూడా. సూత్రాలు ఆరోజుతో ముగిశాయి. పాకం దగ్గర ఆయన ధోరణి మాత్రం అలాగే ఉంది.

మా మేనమామ కథ దీనికి పూర్తిగా ఎదురు. నగరిలో నేత కార్మికుల సంఘం పని చూసే కమ్యూనిస్టు. ఆయనకు సిద్ధాంతం అంటే నెలనెలా వచ్చే సర్క్యులర్లు, రాత్రి పొద్దుపోయేదాకా సాగే తరగతులు, ‘పార్టీ పంథా’ అనే మాట. 1964లో పార్టీ చీలింది. జులైలో తెనాలిలో ఒక వర్గం సమావేశమైంది, ఏడాది చివరికి కలకత్తాలో మహాసభ జరుపుకుని సీపీఎంగా నిలబడింది. మా మామ పాత పార్టీలోనే ఉండిపోయారు. ఆయన ప్రాణస్నేహితుడు కొత్త పార్టీకి వెళ్లారు. ఇద్దరి ఇళ్లలోనూ గోడ మీద లెనిన్ బొమ్మ ఒకటే. ఇద్దరూ దోపిడీ పోవాలనే అనేవారు. ఇద్దరికీ కోపం వచ్చే చోటు కూడా ఒకటే: మగ్గం గుంటలో కూర్చున్నవాడికి కూలి ఎగ్గొట్టే సావుకారు.

మరి ఎందుకు విడిపోయారు? దేశంలో అధికారం ఎవరి చేతిలో ఉందన్న లెక్క దగ్గర. జాతీయ పెట్టుబడిదారుల్లో, కాంగ్రెస్‌లో అభ్యుదయ భాగం ఉందని, వాళ్లతో కలిసి జాతీయ ప్రజాతంత్ర విప్లవం సాధించవచ్చని సీపీఐ వాదన. కాదు, రాజ్యం భూస్వాములతో చేతులు కలిపిన బడా పెట్టుబడిదారుల నాయకత్వంలో ఉంది, కార్మికవర్గ నాయకత్వంలో జనతా ప్రజాతంత్ర విప్లవమే దారి అని సీపీఎం వాదన. ఐదేళ్లకు, 1969లో, ఇంకో చీలిక నుంచి సీపీఐ (ఎంఎల్) వచ్చి నూతన ప్రజాస్వామిక విప్లవం అంది. బయటివాళ్లకు ఈ మూడు పేర్లూ ఒకేలా వినిపిస్తాయి. లోపలివాళ్లకు ఆ ఒక్క విశేషణంలో ఎవరితో పొత్తు, ఎవరితో పోరు, ఎన్నికలా తుపాకీయా అన్నదంతా ఉంది. మార్క్సిజం అనే భావజాలం ఒకటి, దాని మీద నిలబడిన సిద్ధాంతాలు మూడు. పరీక్షలో ఒకే ఉదాహరణ రాయడానికి చోటుంటే నేనైతే దీన్నే రాస్తాను.

మామ, ఆయన స్నేహితుడు చివరిదాకా ఒకే కొట్టులో టీ తాగారు. తాగుతూ తిట్టుకునేవారు.

మన ఊరిలోనే ఇంకో పోలిక ఉంది. కొండ మీద శ్రీవారి ఆలయంలో పూజలు వైఖానస ఆగమం ప్రకారం జరుగుతాయి. కొండ కింద తిరుచానూరు అమ్మవారి ఆలయంలో పాంచరాత్ర ఆగమం. రెండూ వైష్ణవ ఆగమాలే, విధివిధానాలు వేరు. కొండెక్కి దిగి అమ్మవారిని చూసి వెళ్లే భక్తుడికి ఈ తేడా తెలియాల్సిన అవసరం లేదు, అతని భక్తికి లోటూ రాదు. అర్చకుడికి మాత్రం తెలియకపోతే కుదరదు. పార్టీల్లోనూ అంతే. ఓటరు భావజాలంతో నెట్టుకొస్తాడు. బాధ్యతలో ఉన్నవాడికి సిద్ధాంతం కావాలి, ఎందుకంటే అతను ఏదో ఒకటి చేయాలి, చేసినదానికి జవాబు చెప్పాలి. మా నాన్నకూ మామకూ తేడా తెలివిలోనో చదువులోనో లేదు, ఒకరు ఓటరు, ఇంకొకరు కార్యకర్త.

ఇక అసలు చిక్కు. సిద్ధాంతం మారినప్పుడు ఏం జరుగుతుంది? దీనికి తిరుపతే సాక్షి.

తిరుపతి నుంచి చెన్నైకి రైలులో వెళ్తుంటే అరక్కోణం, తిరువళ్లూరు దాటాక ఆవడి వస్తుంది. 1955 జనవరిలో అక్కడ జరిగిన కాంగ్రెస్ మహాసభ, యు.ఎన్. ధేబర్ అధ్యక్షతన, దేశంలో ‘సామ్యవాద తరహా సమాజం’ స్థాపించాలని తీర్మానించింది. నెహ్రూ అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే సామ్యవాద భావాలున్న మనిషి. అది ఆయన భావజాలం. ఆవడిలో అది పార్టీ సిద్ధాంతమైంది, తేదీతో, వాక్యంతో సహా. మరుసటి ఏడాది వచ్చిన పారిశ్రామిక విధాన తీర్మానం, రెండో పంచవర్ష ప్రణాళిక ఆ దారిలోనే నడిచాయి. భారీ పరిశ్రమలు ప్రభుత్వ రంగంలో ఉండాలన్న మాటకు పునాది అక్కడే.

1991 జులై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్ ప్రవేశపెట్టారు. అదే రోజు వచ్చిన కొత్త పారిశ్రామిక విధానం 18 పరిశ్రమలకు తప్ప మిగతావాటికి లైసెన్సు అక్కర్లేదంది. ఆవడి తీర్మానాన్ని రద్దు చేస్తున్నామని మాత్రం ఎవరూ ఎక్కడా అనలేదు. 1992 ఏప్రిల్‌లో కాంగ్రెస్ ప్లీనరీ తిరుపతిలో జరిగింది. పి.వి. నరసింహారావు అప్పుడు ప్రధానమంత్రి, పార్టీ అధ్యక్షుడు కూడా. ఊరంతా ఖద్దరు. లాడ్జీల్లో గది దొరకక యాత్రికులు సత్రాల అరుగుల మీద పడుకున్నారు. నేను అప్పుడు కుర్ర లెక్చరర్ని. మా పిల్లలు ‘సార్, కాంగ్రెస్ సామ్యవాదం వదిలేసినట్టేనా?’ అని అడుగుతుంటే, అధ్యక్షోపన్యాసంలో దానికి జవాబు దొరుకుతుందని మరుసటి రోజు పత్రికలన్నీ కొని వెతికాను.

దొరికిన జవాబు పి.వి. మార్కుది. మార్పునూ కొనసాగింపునూ ఒకే వాక్యంలో కట్టేయగల నేర్పు ఆయనది. ఆ ఉపన్యాసంలో నెహ్రూ ఉన్నారు, మధ్యేమార్గం ఉంది. సంస్కరణలు పాత బాటకు కొనసాగింపే అన్న ధ్వని ఉంది. నా అభిప్రాయం అడిగితే, ఆవడిలో పుట్టిన సిద్ధాంతం తిరుపతికి వచ్చేసరికి పోయింది. పోయిందని చెప్పకుండా, భావజాలం చెక్కుచెదరలేదని చూపించారు. ఇది మోసం అని మా సహాధ్యాపకులు కొందరు మండిపడ్డారు. నాకు అలా అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. సిద్ధాంతం మార్చుకోవడం నాయకుల చేతిలో పని. భావజాలం లక్షలాది కార్యకర్తల మనసుల్లో ఉంటుంది, దాన్ని ఒక సభలో మార్చలేరు. అందుకే మార్చినదాన్ని మారనిదానిలో చుట్టి ఇస్తారు. పార్టీ ఏదైనా ఈ పనే చేస్తుంది.

బీజేపీకి ముందు రూపమైన భారతీయ జనసంఘ్ 1965 జనవరిలో మన విజయవాడలోనే దీనదయాళ్ ఉపాధ్యాయ ప్రతిపాదించిన ఏకాత్మ మానవతావాదాన్ని అధికారిక సిద్ధాంతంగా తీసుకుంది. 1980లో బీజేపీ పుట్టినప్పుడు ‘గాంధేయ సామ్యవాదం’ అంది. 1985లో మళ్లీ ఏకాత్మ మానవతావాదానికి వచ్చింది. ఈ మధ్యలో ఆ పార్టీ వెనక ఉన్న జాతీయవాద భావజాలం మారిందని దాని మిత్రులూ అనరు, శత్రువులూ అనరు.

ఇక్కడ ఒక చిన్న వింత కూడా చెప్పాలి. 1976లో 42వ సవరణ రాజ్యాంగ పీఠికలో ‘సామ్యవాద’ పదం చేర్చింది. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 29ఎ సెక్షన్ వచ్చాక, 1989 నుంచి, ఎన్నికల సంఘం దగ్గర నమోదు కావాలంటే ఏ పార్టీ అయినా రాజ్యాంగానికీ, సామ్యవాద, లౌకిక, ప్రజాస్వామ్య సూత్రాలకూ విధేయంగా ఉంటామని తన నిబంధనావళిలో రాసుకోవాలి. లైసెన్సులు ఎత్తేసింది 1991లో. అంటే ఇవాళ ఎవరైనా స్వతంత్ర పార్టీ లాంటిది పెట్టాలనుకుంటే, మా నాన్న గట్ల గురించి అన్న మాటే మేనిఫెస్టోగా రాసుకున్నా సరే, ముందు సామ్యవాదానికి విధేయత ప్రకటించాలి! రాజాజీ ఉండి ఉంటే ఏమనేవారో.

ప్రభుత్వాల సిద్ధాంతాల్లో మీకు పరీక్షలో ఎక్కువగా వచ్చేది గవర్నర్ జనరల్ డల్హౌసీ రాజ్య సంక్రమణ సిద్ధాంతం. సొంత కొడుకు లేని రాజు దత్తత తీసుకున్నవాడికి, ఈస్టిండియా కంపెనీ ఒప్పుకోనిదే, సింహాసనం రాదు, రాజ్యం కంపెనీకి చెందుతుంది. 1848లో సతారా, 1854లో ఝాన్సీ, నాగపూర్ ఇలాగే పోయాయి. నేను మొదట చెప్పిన ప్రశ్న దీనికి వేయండి. వెనక్కి తీసుకున్నదెవరు? 1857 తిరుగుబాటు తర్వాత, 1858 నవంబరు 1న వచ్చిన విక్టోరియా రాణి ప్రకటనతో ఆ పద్ధతికి స్వస్తి పలికారు. ఆ తర్వాత సంస్థానాధీశుల దత్తతలకు అనుమతి పత్రాలు ఇచ్చారు. మరి ‘ఈ దేశానికి తనను తాను పాలించుకోవడం రాదు, మేము పాలించడం వాళ్ల మేలుకే’ అన్న ఆలోచన? దాన్ని ఏ రాణీ రద్దు చేయలేదు. 1947 దాకా ఉద్యోగం చేసింది, పదవీ విరమణ తర్వాత కూడా అక్కడక్కడా పింఛను తీసుకుంటోంది.

మిగతావి ఈ దారిలోనే చదువుకోండి. అమెరికా అధ్యక్షుల పేర్లతో ఉన్న 1823 మన్రో సిద్ధాంతం, 1947 ట్రూమన్ సిద్ధాంతం, 1968లో చెకొస్లొవాకియా మీదికి సైన్యాలు వెళ్లాక సోవియట్ నేత బ్రెజ్నెవ్ పేరుతో ప్రచారంలోకి వచ్చినది (సోషలిస్టు దేశంలో ఆ వ్యవస్థకు ముప్పు వస్తే మేము జోక్యం చేసుకుంటాం అన్నది దాని సారం). ఆఖరుదాన్ని గోర్బచెవ్ హయాంలో, 1989 నాటికి, మాస్కో తానే వదిలేసింది. అప్పటికి సోవియట్ రాజ్యం అధికారికంగా మార్క్సిజాన్ని వదల్లేదు. మన దేశం వరకు, అప్పటి విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ పేరుతో ఉన్న 1996 గుజ్రాల్ సిద్ధాంతం చూడండి. నేపాల్, బంగ్లాదేశ్, భూటాన్, మాల్దీవులు, శ్రీలంక లాంటి పొరుగువాళ్లకు చేయగలిగింది చేద్దాం, బదులు ఆశించవద్దు అన్నది అందులో మొదటి మాట. ఆ డిసెంబరులోనే బంగ్లాదేశ్‌తో గంగా జలాల ఒప్పందం కుదిరింది. దీని వెనక పెద్ద భావజాలమేదీ నాకు కనబడదు, ఇంగితజ్ఞానం మాత్రమే కనబడుతుంది. భావజాలం లేని సిద్ధాంతం ఉండవచ్చా అని అడిగితే ఉండవచ్చనే అంటాను. ఈ విషయంలో నాతో పేచీ పడే పండితులు ఉంటారు.

పథకాలను, నినాదాలను ఈ రెండింటితో కలపకండి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం. ‘సమాజమే దేవాలయం, ప్రజలే దేవుళ్లు’ నినాదం. తెలుగువారి ఆత్మగౌరవం అన్నది భావజాలానికి దగ్గరగా ఉంది, 1982లో పార్టీ పుట్టకముందు కూడా ఆ భావన జనంలో ఉంది కాబట్టి. 2008 ఆగస్టులో తిరుపతి సభలో ప్రజారాజ్యం పార్టీ పేరు ప్రకటించారు. సామాజిక న్యాయం అన్నారు. మంచి మాటే. 2011లో అది కాంగ్రెస్‌లో కలిసింది. అప్పుడు మా కాలనీ కుర్రాళ్లు ‘అన్యాయం’ అని గోల పెట్టారు గానీ, ఏ సూత్రానికి అన్యాయం జరిగిందో ఒక్కరూ చెప్పలేకపోయారు. సామాజిక న్యాయం మా పార్టీకీ ఇష్టమే అని కాంగ్రెస్ అంటే ఇక వాదించడానికి ఏముంది?

చివరి భాగం: రాజ్యాంగ డాక్ట్రిన్‌లు. ఇవి కోర్టులు తయారుచేసుకున్న న్యాయ సిద్ధాంతాలు, పార్టీలవి కావు. అయితే నా ప్రశ్న వీటికీ పనిచేస్తుంది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం, ఏడుగురు ఒకవైపు ఆరుగురు ఒకవైపు ఉండగా, రాజ్యాంగాన్ని సవరించవచ్చు కానీ దాని మౌలిక స్వరూపాన్ని మార్చడానికి వీల్లేదంది. రాజ్యాంగం పాఠంలో ‘మౌలిక స్వరూపం’ అన్న పదబంధమే లేదు. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో తెలుసు. తప్పితే ఏమవుతుందో కూడా తెలుసు: 1980లో మినర్వా మిల్స్ కేసులో 42వ సవరణలోని కొన్ని భాగాలను సుప్రీంకోర్టు దీని ఆధారంగానే కొట్టేసింది. వెనక్కి తీసుకోవాలంటే 13 మందికంటే పెద్ద ధర్మాసనం కూర్చోవాలి. కాబట్టి సిద్ధాంతమే. మీ పేపర్లో మాత్రం దీన్ని రాజకీయ సిద్ధాంతం శీర్షిక కింద రాయకండి, దిద్దేవారు ఒప్పుకోకపోవచ్చు. న్యాయ సిద్ధాంతం అని విడిగా ఒక పేరా పెట్టి, పై రెండు కేసులూ ఏడాదులతో సహా రాయండి.